కాటుక కడుపున సాంబ్రాణి

అరవనాట పుదూరు పక్కన ఉన్న, తెలుగు మాట్లాడే ఆ నల్లరేగడి ఊళ్ళో వీరమ్మాళ్ నోటికి భయపడని మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆమె మొగుడు సుబ్బురాజ్. అది ధైర్యమేం కాదు. ఆయన వినడు, అంతే. ఆకువక్క నోట్లో వేసుకుని, మినప చేను వైపు చూస్తూ తిన్నె మీద కూర్చుంటే పెళ్ళాం అరుపులు ఆయనకు వాన చప్పుడులాంటివి. ఆ ఊళ్ళో వాన అరుదు కాబట్టి ఆయనకది ఇష్టమనే చెప్పాలి.

ఆ ఇంట్లో వీరమ్మాళ్ మాట నిజంగా వినేది కాటుక. కాటుక కన్ని జాతి కుక్క. సన్నటి నడుము, పొడుగు మూతి, ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, కళ్ళ పైన రెండు తేనెరంగు చుక్కలు, కాళ్ళకు అదే రంగు మేజోళ్ళు తొడిగినట్టు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తాతల నాటి నుంచీ వేటకు పెంచిన జాతి. ఇప్పుడు వేట కుదరదు, చట్టం ఒప్పదు. కుందేళ్ళకు కూడా ఆ సంగతి తెలిసిపోయినట్టుంది, కుక్కల ఎదుటే తీరిగ్గా నడుచుకుంటూ పోతాయి. అయినా మంచి కన్ని ఉన్న ఇల్లంటే ఊళ్ళో ఒక మర్యాద.

ఈ కుక్కల్ని అక్కడ అమ్ముకోరు. కావలసినవాళ్ళు వచ్చి అడుగుతారు, ఇచ్చేవాళ్ళు ఇస్తారు. మగకుక్క ఇంటికి మాత్రం ఒక హక్కుంది. కూనలు కళ్ళు తెరిచాక ఆ ఇంటి పెద్ద వచ్చి, తనకు నచ్చిన కూన మెడలో ఎర్రదారం కడతాడు. ఆ దారం పడ్డాకే మిగతావాళ్ళ వంతు. దారం కట్టాడంటే నలుగురి ముందూ ఈ కూనలన్నీ మా కుక్కవే అని ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత ఇంకెవరూ నోరెత్తరు.

వీరమ్మాళ్ ఇంట పుట్టిన కూనంటే ఊళ్ళో రెండో మాట ఉండేది కాదు. ఎదకొచ్చిన రోజుల్లో ఆమె కాటుకను పత్తికొట్లో పెట్టి, గడపకు అడ్డంగా మంచం వేసుకుని కూర్చునేది. దొడ్డిగోడ మీద తుమ్మకంప పరిచేది. పక్కింటి కృష్ణమ్మాళ్ అది చూసి నవ్వేది.

"ఏం వదినా, నీ కూతురు పెద్దమనిషైనప్పుడు కూడా ఇంత కాపలా లేదే!"

"నా కూతురికి బుద్ధుంది వదినా. దీనికి నాలుగు కాళ్ళున్నాయి."

మగకుక్క దామోదరసామిది. దామోదరసామి వీరమ్మాళ్‌కి మేనత్త కొడుకు, బావ వరస. బట్టతల, భుజాన తువ్వాలు, ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా ముందు వరసలో కుర్చీ. ఆయన కుక్క పేరు కలెక్టర్. ఎవరొచ్చినా లేచి నిలబడదని ఆ పేరు పెట్టారు. కాటుకను కలెక్టర్ దగ్గరికి వీరమ్మాళ్ తానే తీసుకెళ్ళింది, తానే తీసుకొచ్చింది, మళ్ళీ కొట్లో పెట్టి మంచం వేసింది.

నెలలు నిండి కాటుక ఈనింది. వరసగా ఐదు కూనలు, ఐదూ నలుపు. ఆరోది బూడిద.

వీరమ్మాళ్ ముందు దాన్ని నమ్మలేదు. ఈనింది పొయ్యి పక్కనే కదా, బూడిద అంటుకుందనుకుంది. తడిగుడ్డతో తుడిచింది. తేనెరంగు చుక్కలు, మేజోళ్ళు అన్నీ సరిగ్గా బయటపడ్డాయి గానీ నలుపు ఉండాల్సిన తావంతా వానమబ్బు రంగే. వెచ్చటి నీళ్ళు పెట్టింది. కొబ్బరినూనె రాసింది. నూనె రాశాక బూడిదరంగు ఇంకా బాగా మెరిసింది. ముక్కు కూడా బూడిదే.

"ఇంకొంచెం రుద్దితే తోలు వస్తుంది, వదిలెయ్యి," అన్నాడు సుబ్బురాజ్. ఆ వారంలో ఆయన మాట్లాడింది అదొక్కటే.

సాంబ్రాణి పొగ రంగులో ఉందని ఆమె దానికి సాంబ్రాణి అని పేరు పెట్టింది. ఎవరూ చూడనప్పుడు మిగతావాటి కంటే దానికి ఒక చెంచా పాలు ఎక్కువ పోసేది.

కూనలు కళ్ళు తెరిచాయి. దామోదరసామి ఎర్రదారం రొండిన దోపుకుని, వెనకాల నలుగురిని వేసుకుని వచ్చాడు. ఆ నలుగురిలో టీ అంగడి ముత్తురాజ్ ఉన్నాడంటే ఊరంతా ఉన్నట్టే. గంప మీద గుడ్డ తీయగానే దామోదరసామి నవ్వు సగంలో ఆగింది.

"ఇదేం వీరమ్మా, కూనను పొయ్యిలో పెట్టి తీశావా?"

"పుట్టుకతోనే అంత బావా."

"మా కలెక్టర్ వంశంలో తాతల నాటి నుంచీ నలుపు తప్ప ఇంకోటి లేదు."

"మా కాటుక వంశంలో మాత్రం ఉందా?"

"అదే నేనూ అడుగుతున్నా. మా ఇంట్లో లేదు, మీ ఇంట్లో లేదు. మరి ఆ మూడో ఇల్లు ఏది?"

ముత్తురాజ్ దగ్గినట్టు నవ్వాడు. వీరమ్మాళ్ మొహం మిరపపండైంది.

"నా కుక్క గడప దాటలేదు!"

"కుక్క గదా వీరమ్మా, గోడ దాటి ఉంటుంది."

"గోడ మీద తుమ్మకంప ఉంది. కావాలంటే నువ్వు దాటి చూపించు, తెలుస్తుంది."

దామోదరసామి గోడ దాటలేదు. దారం మళ్ళీ రొండిన దోపుకున్నాడు. "నాకు కూన వద్దు. కలెక్టర్‌కి దీనితో సంబంధం లేదు," అని తువ్వాలు ఒక్క దులుపు దులిపి వెళ్ళిపోయాడు.

సాయంత్రంలోపు, కూనలు కావాలని ఎన్నాళ్ళుగానో అడిగినవాళ్ళంతా వెనక్కి తగ్గారు. ఒకరి పిల్లవాడికి కుక్క బొచ్చు పడదట. ముత్తురాజ్ అయితే, "మా పిల్లి ఒప్పుకోవడం లేదక్కా," అన్నాడు. కూనలు ఎవరికీ వద్దంటే వీరమ్మాళ్ పెంచుకోగలదు, అది కాదు ఆమె బాధ. గడప దాటలేదని ఆమె అంటే ఊరు నవ్వింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో ఆమె చెప్పిన మాట చెల్లుతోంది. ఇప్పుడు బియ్యం చేటెడు అప్పిచ్చానన్నా, నిజమేనా అని చూసేట్టున్నారు.

విరుదునగర్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసింది. సత్యప్రియ అక్కడ బడిలో జీవశాస్త్రం చెబుతుంది. ఇంటికొస్తే మాత్రం ఎనిమిది నెలల కొడుకు కుమారవేల్ చుట్టూనే ఆమె శాస్త్రమంతా.

"అమ్మా, వేలు రెండుసార్లు దగ్గాడు. తర్వాత మాట్లాడతా."

"వాడు మూడోసారి దగ్గేలోపు చెప్పేస్తా, విను."

అంతా విని సత్యప్రియ, "అమ్మా, కలెక్టర్‌ది కాదని ఎవరన్నారు? కలెక్టర్‌ది అయితేనే అట్లా పుట్టేది," అంది.

వీరమ్మాళ్ ఫోన్ చెవి మార్చింది. "మళ్ళీ చెప్పు!"

ఆదివారం సత్యప్రియ వచ్చింది. భుజాన పిల్లవాడు, చేతిలో కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు, చేతులు తుడుచుకునే మందు, జ్వరం చూసే పుల్ల, దామోదరసామి తల్లి, తనకు నాయనమ్మ వరసైన కమలమ్మాళ్‌కని కోవిల్పట్టి బస్టాండులో కొన్న పల్లీ మిఠాయి. కుక్కలున్న గది వైపు పిల్లవాణ్ణి తిప్పకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికొచ్చింది.

దాయం ఆటకని ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసిన చింతగింజలు ఇంట్లో ఉండేవి. వాటిని, మామూలు గింజల్ని నేల మీద పోసింది.

"ప్రతి కుక్క జేబులో ఇట్లాంటివి రెండుంటాయనుకో. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. నల్లగింజ ఒక్కటున్నా కుక్క నల్లగానే పుడుతుంది. తెల్లగింజ ఉన్నా లోపల నోరు మూసుకుని కూర్చుంటుంది."

"మీ నాయన మాదిరి."

"అచ్చం నాన్న మాదిరే. ఇప్పుడు కాటుక జేబులో ఒక నలుపు, ఒక తెలుపు. కలెక్టర్ జేబులోనూ అంతే. కూనకు ఇద్దరూ చెరొకటి ఇవ్వాలి. ఇద్దరూ తెల్లదే ఇచ్చారనుకో, అప్పుడు దాన్ని అణిచేవాళ్ళు లేరు. నలుపు పలచబడిపోతుంది, మజ్జిగలో నీళ్ళు పోసినట్టు. నాలుగింట ఒకసారి అట్లా జరగొచ్చు."

వీరమ్మాళ్ గింజల వైపు చాలాసేపు చూసింది. "అంటే బావ కుక్క జేబులో కూడా ఈ తెల్లది ఉందంటావు?"

"ఉండి తీరాలి. తండ్రి దగ్గర అది లేకుంటే సాంబ్రాణి నల్లగా పుట్టేది."

వీరమ్మాళ్ గింజలు కొంగున కట్టుకుని నేరుగా ముత్తురాజ్ టీ అంగడికి వెళ్ళింది. దామోదరసామి అక్కడే ఉన్నాడు. బెంచీ మీద గింజలు పరిచి, జేబులు, నోరు మూసుకునే గింజలు అన్నీ చెప్పింది. మధ్యలో ఒకడు తన టీగ్లాసు పెట్టుకోవడానికి కలెక్టర్ గింజల్ని పక్కకు జరిపాడు. అక్కడితో లెక్క చెడింది.

"కుక్కకు జేబెక్కడిది వీరమ్మా?" అన్నాడు దామోదరసామి. "నీ కూతురి చదువు మీద నాకు మర్యాద ఉంది. కానీ మా కుక్కకు అట్లాంటిదుంటే ఇన్ని తరాల్లో ఒక్కటన్నా పుట్టాలి కదా. ఒక్కటి చూపించు."

ఆ మాటకు బెంచీ మీదవాళ్ళంతా తలలూపారు. వీరమ్మాళ్ ఇంటికొచ్చి కూతురి మీద పడింది.

"ఏదీ, ఒక్కటి చూపించమంటున్నాడు! నా పుట్టింట, నా అత్తింట, ఊరు మొత్తం మీద ఇట్లాంటిది నేనూ చూడలేదు. నీ లెక్క తప్పేమో!"

"లెక్క తప్పదమ్మా," అంది సత్యప్రియ, పిల్లవాడి నుదురు పట్టి చూస్తూ. "అందరి కుక్కలూ ఒకదానికొకటి చుట్టాలే కదా. ఎక్కడో అక్కడ పుట్టే ఉంటాయి. పుట్టినవి ఏమయ్యాయో అది నాకు తెలీదు."

వీరమ్మాళ్ ఏదో అనబోయి ఆగింది. పెళ్ళైన కొత్తలో ఒక తెల్లవారుజామున ఆమె అత్త ఒక గంప మీద గుడ్డ కప్పడం గుర్తుకొచ్చింది. ఏమత్తా అంటే, ఒక కూన చచ్చిపోయిందమ్మా అంది. చచ్చిపోయిన కూన గంపలోంచి కుయ్యిమన్నది. కొత్త కోడలు కాబట్టి ఆమె ఇంకేం అడగలేదు. ఆమె జీవితంలో నోరు మూసుకున్న రోజులు అవే.

ఇప్పుడు కూడా ఆమె నోరు అట్లాగే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తిన్నె మీంచి సుబ్బురాజ్ గొంతు వినిపించింది.

"వెంబకోట్టై."

తల్లీకూతుళ్ళు ఇద్దరూ తిరిగి చూశారు.

"అమ్మ నన్ను వెంబకోట్టై పంపింది. సైకిల్ మీద. బాణసంచా గిడ్డంగి ఉంది, అక్కడ కాపలా కుక్కలు కావాలి. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దంది." ఆకు నమిలి మింగి ఇంకో మాట కలిపాడు. "నేనెళ్ళేసరికి అక్కడ అట్లాంటివి ఇంకా ఉన్నాయి."

"ఇన్నేళ్ళు చెప్పలేదేమయ్యా!"

"నువ్వెక్కడ ఆపావు?"

మరునాడు బడికి సెలవు పెట్టి సత్యప్రియ కూడా బయల్దేరింది. ఏళాయిరంపన్నై మీదుగా బస్సులో వెంబకోట్టై. గిడ్డంగి కాపలాదారు అంతోణి గేటు తీశాడు. ఆయన వెనక నాలుగు కుక్కలు వరసగా నిలబడ్డాయి, నాలుగూ వానమబ్బు రంగే. వీరమ్మాళ్ గేటు కమ్మి పట్టుకుని ఉండిపోయింది. సత్యప్రియ మాత్రం పిల్లవాణ్ణి పట్టుకుని రోడ్డుకు అవతలి పక్కకు పోయింది. అక్కణ్ణించే అరిచింది.

"ఇక్కడ టపాసులు పేలుతుంటే కుక్కలు భయపడవా?"

"ఇక్కడ ఎవరూ పేల్చరమ్మా," అన్నాడు అంతోణి అరవంలో. "ఇక్కడ పేలిందంటే భయపడ్డానికి మేం ఉండం."

కుక్కల సంగతి అడిగితే ఆయన ఉషారయ్యాడు. బీడీ వాసన వేసే మనిషిని గేటు దగ్గరే పసిగట్టి నిలేస్తాయట. పొద్దుగుంకాక గోడ పక్కన నిలబడితే దొంగకు ఆనవే, కాలు తొక్కేదాకా తెలీదట. "అన్నీ మీ వైపు నుంచి వచ్చినవే అమ్మా. మా నాయన కాపలా ఉన్నప్పటి నుంచి. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గంప తెచ్చేవాళ్ళు. ప్రతివాళ్ళూ ఒకటే చెప్పేవాళ్ళు, మా ఇంట్లోనే ఇట్లా పుట్టింది, బయట అనొద్దు అని. మేం కూడా ఎవరికీ అనలేదు." కాస్త ఆగి, "ఎక్కువ తెచ్చింది దామోదరసామి అయ్య వాళ్ళ నాయన," అన్నాడు.

వీరమ్మాళ్ కొంగుతో మొహం తుడుచుకుంది. "తమ్ముడూ, ఒక కుక్కను తీసుకుని మా ఊరికి ఒక్కసారి రావాలి. భోజనం నాది."

తర్వాతి ఆదివారం సత్యప్రియ మళ్ళీ వచ్చింది, చర్చి అయిపోయాక అంతోణి కూడా వచ్చాడు. అక్కడ కుట్టియానై అని పిలిచే చిన్న లారీలో, వెనకాల మేగం అనే బూడిదరంగు కుక్క రాజాలా నిలబడి ఉంది. వీరమ్మాళ్ లారీని తన ఇంటి ముందు ఆపనివ్వలేదు. దామోదరసామి తిన్నె ముందు ఆపించింది. లారీ చూసి సగం ఊరు, కుక్కను చూసి మిగతా సగం అక్కడికి చేరింది.

"ఒక్కటి చూపించమన్నావు కదా బావా. చూడు."

దామోదరసామి తువ్వాలు సర్దుకున్నాడు. "లోకంలో బూడిద కుక్కలన్నీ మా ఇంటివేనా? ఈయన చెబితే అయిపోతుందా?"

తిన్నె మూల ఆయన తల్లి కమలమ్మాళ్ కూర్చుని ఉంది. పళ్ళు లేవు. సత్యప్రియ ఇచ్చిన పల్లీ మిఠాయిని బుగ్గన పెట్టుకుని కరిగిస్తోంది. మేగం తిన్నె ఎక్కి ఆమె చెయ్యి వాసన చూసింది. ముసలామె మిఠాయి ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది.

"ఒరే దామూ, గంపలో పంపింది తిరిగొచ్చిందిరా!"

"ఏ గంపమ్మా?"

"మీ నాయన గంప. ప్రతి ఈతకూ ఒకటి పుట్టేది కాదట్రా? ఊళ్ళో చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు."

"ఇప్పుడు చెబుతున్నావు కదే!"

"ఆయన పోయాడు కదరా."

ముందు నవ్వింది ముత్తురాజ్. తర్వాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. ఆ నవ్వుల్లోనే కృష్ణమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా ఇంట్లో కూడా ఒకటి పుట్టింది వదినా, మా మామగారి కాలంలో," అంది. వెనక నుంచి ఇంకొకాయన, "మా ఇంట రెండు," అన్నాడు. ముత్తురాజ్ తన ఇంట మూడన్నాడు. వాళ్ళింట్లో పిల్లి తప్ప కుక్క లేదని అందరికీ తెలుసు.

అప్పుడు దామోదరసామికి పౌరుషం వచ్చింది. "ఆగండయ్యా! రెండు, మూడు అని చెప్పుకుంటున్నారు. ప్రతి ఈతకూ పుట్టింది మా ఇంట్లో! అసలు ఊళ్ళో ఆ రంగు మొదలైందే మా ఇంట్లో!"

"అరుదైన రంగే పెదనాన్నా," అంది సత్యప్రియ. "పుట్టేదే తక్కువ. ఆ తక్కువను కూడా మీరంతా వెంబకోట్టై పంపేశారు. ఇంక ఊళ్ళో ఎట్లా కనిపిస్తుంది?"

వీరమ్మాళ్ ఆ సందడంతా తగ్గేదాకా ఆగింది.

"బావా, అదంతా సరి. కాటుక గడప దాటలేదు. ఆ మాట నువ్వు చెప్పు."

"దాటలేదులే."

"తిన్నె చివర ఉన్నవాళ్ళకు వినిపించలేదు."

"దాటలేదమ్మా తల్లీ! ఆరు కూనలూ కలెక్టర్‌వే! చాలా?" అని, అదే ఊపులో రొండిన ఉన్న ఎర్రదారం బయటికి తీశాడు. "మొదటి కూన నా హక్కు. నాకు ఆ బూడిదది కావాలి."

ఊరు వీరమ్మాళ్ నోటి వైపు చూసింది. ఇప్పుడు పేలుతుందనుకున్నారు. ఆమె మారు మాట్లాడకుండా ఇంటికెళ్ళి సాంబ్రాణిని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. దారం కట్టేటప్పుడు మెడ తానే ఎత్తి పట్టుకుంది. సత్యప్రియ ఒక అడుగు ముందుకొచ్చింది.

"పెదనాన్నా, ఆ రంగు కుక్కల్లో కొన్నింటికి పెద్దయ్యాక బొచ్చు రాలుతుంది. తోలు జాగ్రత్తగా చూసుకోవాలి," అంది, వెనక్కి తగ్గుతాడేమోనని.

"మీ పెదనాన్నకు మాత్రం జుట్టుందా," అంది వీరమ్మాళ్. "జోడీ కుదిరింది."

ఇంటికొచ్చాక సత్యప్రియ ఉండబట్టలేక అడిగింది. "నువ్వు పాలు పోసి పెంచింది కదమ్మా. అప్పనంగా ఇచ్చేశావే!"

వీరమ్మాళ్ ఖాళీ చెంచా కడిగి బోర్లించింది. "మాట మాటే కదే. మొదటి కూన వాళ్ళది. నేనిప్పుడు కాదంటే మళ్ళీ నా మాటకు విలువేముంది?" కాటుక తల నిమిరింది. "మళ్ళీ పుడుతుందిలే. దీని జేబులోనూ ఉంది, వాడి జేబులోనూ ఉంది. నాలుగింట ఒకటి అన్నావు కదా."

సత్యప్రియ ఆ లెక్కకు మురిసిపోయి, చేతుల్లో పిల్లవాడు లేడన్న సంగతి ఆలస్యంగా గమనించింది. కుమారవేల్ పత్తికొట్టు గడప దగ్గర పాకుతున్నాడు. మిగిలిన ఐదు కూనలూ వాడి మొహం నాకుతున్నాయి. వాడు గట్టిగా నవ్వుతున్నాడు. సత్యప్రియ పరుగెత్తింది. ఆ రోజు వాడికి మూడుసార్లు స్నానం, వాడికి లేని జ్వరం ఐదుసార్లు చూడటం.

ఆ ఐదు కూనలూ వారంలో ఎవరింటికి వాళ్ళు తీసుకుపోయారు. ముత్తురాజ్ పిల్లి కూడా ఒప్పుకుంది.

దామోదరసామి ఇప్పుడు సాంబ్రాణిని పట్టుకుని రోజూ ఊరు తిరుగుతున్నాడు. ఆ రంగు కుక్కను చూసి ఆగని మనిషి లేడు. కోవిల్పట్టి పశువుల ఆస్పత్రికి సూదికి తీసుకెళ్తే అక్కడ కూడా జనం చుట్టూ మూగారు. ఇదేం జాతి, ఎవరి కూన, దీనికి నిజంగానే కన్ని తల్లా అని అడిగారు. దామోదరసామి తువ్వాలు భుజం మార్చుకుని, ప్రతివాడికీ ఓపిగ్గా ఒకటే జవాబు చెప్పాడు.

"తండ్రి మా కలెక్టర్. తల్లి కాటుక, మా మరదలు వీరమ్మాళ్ ఇంటిది. గడప దాటే కుక్క కాదయ్యా అది."